రొడోపీ కొండలకు ఇరువైపులా

మా మదర్సాలో ఫిఖ్హ్ పాఠంతో పాటు తారీఖ్ పాఠం కూడా చాలా ఏళ్లుగా నేనే చెబుతున్నాను. ఉస్మానీ సామ్రాజ్య చరిత్ర మా పాఠ్యక్రమంలో 1453లో కుస్తుంతునియా విజయం వద్ద శిఖరాన్ని అందుకుని, 1924లో ఖిలాఫత్ రద్దుతో ముగుస్తుంది. ఆ రెండింటి నడుమ సుల్తానులున్నారు, యుద్ధాలున్నాయి, సంధులున్నాయి. కాని సామ్రాజ్యం వెనుదిరిగి వెళ్లిపోయిన తర్వాత అక్కడే మిగిలిపోయిన సామాన్య ముస్లింల గురించి ఒక్క పుట కూడా లేదు. రాజ్యం వెళ్లిపోగలదు. గొర్రెల కాపరి, పొగాకు రైతు, పసిపిల్లల తల్లి ఎక్కడికి వెళతారు? ఈ ప్రశ్న మనసులో మెదిలినప్పుడల్లా నా చూపు ప్రపంచ పటంలో ఒక కొండల వరుస మీద నిలుస్తుంది. దాని పేరు రొడోపీ.

ఈ పర్వతశ్రేణి ఐరోపా ఖండపు ఆగ్నేయ భాగంలో, బల్గేరియా, గ్రీసు దేశాల సరిహద్దున ఉంది. తూర్పు పడమరలుగా సుమారు 240 కిలోమీటర్లు వ్యాపించిన ఈ కొండలలో ఐదింట నాలుగు వంతులకు పైగా బల్గేరియాలోను, మిగిలినది గ్రీసులోను ఉన్నాయి. పడమటి భాగం ఎత్తైనది. అక్కడి గొల్యామ్ పెరెలిక్ శిఖరం ఎత్తు 2,191 మీటర్లు. దేవదారు జాతి వృక్షాల దట్టమైన అడవులు, సున్నపురాతి గుహలు, త్రిగ్రాద్ వంటి ఇరుకైన లోయలు ఆ భాగానికి ప్రత్యేకం. తూర్పుకు పోయేకొద్దీ కొండలు తగ్గి, ఎండకు మాగిన మెట్ట నేలలుగా మారుతాయి. అర్దా అనే నది ఈ కొండలలోనే పుట్టి తూర్పుగా ప్రవహించి ఎడిర్నే నగరం వద్ద మరిత్సా నదిలో కలుస్తుంది. ఆ నదిపై అర్దినో పట్టణ సమీపాన 16వ శతాబ్దపు తొలినాళ్లలో ఉస్మానీల కాలంలో కట్టిన రాతి వంతెన నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉంది.

ఈ కొండలలో తరతరాలుగా నివసిస్తున్న వారిలో పొమాక్‌లు అనే ముస్లింలు ముఖ్యులు. వీరి మాతృభాష తుర్కీ కాదు, అరబీ కాదు. బల్గేరియన్ భాషకు చెందిన ఒక కొండ మాండలికం. ఆ మాండలికంలో నన్ను ఆకట్టుకున్న విశేషం ఒకటుంది. మనం తెలుగులో ‘ఇది’, ‘అది’ అని రెండుగా విభజించి చెబుతాం. వారు మాట చివర చేర్చే ప్రత్యయంతో మూడుగా విభజిస్తారు: మాట్లాడేవాని దగ్గరున్నది, వినేవాని దగ్గరున్నది, ఇద్దరికీ దూరంగా ఉన్నది. భాషల వైవిధ్యాన్ని దైవసూచనలలో ఒకటిగా సూరా రూమ్ పేర్కొంటున్నది. ఆ ఆయత్ పాఠం చెప్పేటప్పుడు నేను విద్యార్థులకు ఈ ఉదాహరణ వినిపిస్తుంటాను. తూర్పు రొడోపీలో, కర్జలీ పట్టణం చుట్టూ, తుర్కీ భాష మాట్లాడే ముస్లింలు అధికం.

పద్నాలుగో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఉస్మానీలు ఈ ప్రాంతాన్ని జయించారు. కాని కొండవాసులు ఇస్లామ్ స్వీకరించింది ఒక్క రోజులోనో, ఒక్క సుల్తాను ఆజ్ఞతోనో కాదు. ఆనాటి పన్నుల దస్త్రాలను పరిశీలించిన చరిత్రకారులు ఈ మార్పు తరాల పర్యంతం, ఇల్లిల్లుగా, నెమ్మదిగా జరిగిందని చూపించారు. ఒకే గ్రామంలో అన్న ముస్లిము, తమ్ముడు క్రైస్తవుడు అయిన కాలం అది. ఆచరణలో వారు మన దక్కను ముస్లింలలో అత్యధికుల వలెనే హనఫీలు. మా మదర్సాలో పిల్లలు చదివే ‘హిదాయా’ను ఉస్మానీ మదర్సాలలోనూ బోధించేవారు. వేల మైళ్ల దూరాన, మరో భాషలో ఆలోచించే పిల్లవాడు అవే వుజూ నియమాలు, అవే వారసత్వపు వాటాలు కంఠస్థం చేశాడని తలచుకుంటే ఆ కొండలు నాకు పరాయివిగా తోచవు.

మరో పోలిక కూడా ఉంది. నాది ప్రకాశం జిల్లా. పొగాకు మా ప్రాంతపు రైతులకు ఎంత అన్నం పెట్టిందో, ఎంత అప్పు మిగిల్చిందో నాకు తెలుసు. రొడోపీ కొండలకూ పొగాకే ఆధారం. మనది బ్యారన్లలో వేడిగాలితో పండించే వర్జీనియా రకం. వారిది అరచేతిలో ఇమిడే చిన్న ఆకుల రకం. సూర్యోదయానికి ముందే ఆకు కోసి, ఇంటిల్లిపాదీ కూర్చుని దారానికి గుచ్చి, ఎండలో ఆరబెడతారు. గ్రీసు వైపున్న క్సాంతి పట్టణం ఆ ఆకు పేరుతోనే లోకానికి తెలిసింది. రాజ్యాలు మారినా ఆ పని మారలేదు.

రాజ్యాలు మాత్రం చాలాసార్లు మారాయి. 1878లో బెర్లిన్ సంధి ఈ కొండల ఉత్తర భాగాన్ని తూర్పు రుమేలియా అనే కొత్త రాష్ట్రంలో కలిపింది. తమ్రష్ అనే గ్రామం కేంద్రంగా ఇరవైకి పైగా పొమాక్ గ్రామాలు దానికి లోబడడానికి నిరాకరించి, ఎనిమిదేళ్ల పాటు తమ పాలన తామే చేసుకున్నాయి. 1886లో ఆ గ్రామాలు తిరిగి ఉస్మానీల చేతికి వచ్చాయి. 1912లో బాల్కన్ యుద్ధం మొదలైంది. తమ్రష్ కాలి బూడిదైంది. ఆ యుద్ధ వార్తలు మన దేశాన్ని కూడా కదిలించాయి. డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వాన భారతీయ వైద్య బృందమొకటి తుర్కీకి వెళ్లి గాయపడిన సైనికులకు సేవలందించింది. మన పెద్దలు చందాలు పోగుచేసింది ఆ రోజులలోనే. సైనికుల గాయాలు కనిపించాయి. అదే సమయంలో కొండ గ్రామాల్లో జరుగుతున్న మరో గాయం లోకానికి అంతగా కనిపించలేదు. 1912 చలికాలం నుంచి 1913 వరకు పొమాక్ గ్రామాలలో జనాన్ని వరుసలలో నిలబెట్టి బలవంతంగా బాప్తిస్మం ఇచ్చి, పేర్లు మార్చారు. ప్రభుత్వం మారాక ఆ చర్యను ఉపసంహరించుకున్నారు. జనం మళ్లీ పాత పేర్లకు మరలారు.

1919లో న్యూయీ సంధి, 1923లో లోజాన్ సంధి జరిగిన తర్వాత కొండ నడినెత్తిన ప్రస్తుత సరిహద్దు స్థిరపడింది. లోజాన్ ఒప్పందం ప్రకారం గ్రీసు, తుర్కీల మధ్య జనమార్పిడి జరిగి, సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు ఒక వైపుకు, సుమారు 4 లక్షల మంది ముస్లింలు మరో వైపుకు తరలిపోయారు. ఇస్తాంబుల్‌లోని గ్రీకులకు, పశ్చిమ త్రేస్‌లోని ముస్లింలకు మాత్రం మినహాయింపు లభించింది. అందువల్ల దక్షిణపు వాలు మీది పొమాక్‌లు గ్రీసు పౌరులై ఉన్నచోటనే ఉండిపోయారు. ఉత్తరపు వాలు మీది వారు బల్గేరియా పౌరులు. ఒకే మాట, ఒకే నమాజు, ఒకే పొగాకు. ఒకే కుటుంబం చీలి రెండు దేశాలైంది. ఇక్కడి నుంచి రెండు వేర్వేరు కథలు మొదలవుతాయి.

ఉత్తరాన కథ చెరిపివేతది. 1942లో బల్గేరియా చట్టం చేసి పొమాక్‌ల పేర్లు మార్చింది. 1945లో ఆ పేర్లు తిరిగి ఇచ్చారు. కమ్యూనిస్టు ప్రభుత్వం స్థిరపడ్డాక 1970 నుంచి 1974 వరకు గ్రామం తరువాత గ్రామాన్ని చుట్టుముట్టి మళ్లీ మార్చింది. కోర్నిత్సా గ్రామస్థులు 1973లో వారాల తరబడి కూడలిలో కూర్చుని ప్రతిఘటించారు. మార్చి నెలలో సాయుధ బలగాలు గ్రామంలో ప్రవేశించాయి, ప్రాణాలు పోయాయి. 1984 చివర తుర్కీ భాషీయుల వంతు వచ్చింది. కొద్ది నెలల్లో లక్షలాది మంది పేర్లు మార్చారు. ఆ డిసెంబరులో మొగిల్యానె గ్రామం వద్ద జరిగిన నిరసనలో తల్లి చేతుల్లోని 17 నెలల పసిపాప ప్రాణం కోల్పోయింది. సున్నతీ నిషిద్ధం, సంప్రదాయ వస్త్రధారణ నిషిద్ధం. దస్త్రాలలో చనిపోయిన వారి పేర్లు సైతం మార్చారు. 1989 వేసవిలో సరిహద్దు తెరవగా సుమారు 3,60,000 మంది మూటాముల్లెతో తుర్కీకి తరలిపోయారు. అదే ఏడాది నవంబరులో ఆ ప్రభుత్వాధినేత పదవి కోల్పోయాడు. 1990లో పేర్లు తిరిగి పొందే చట్టం వచ్చింది. 2012 జనవరిలో బల్గేరియా పార్లమెంటే ఈ బలవంతపు చర్యలను ఖండిస్తూ ప్రకటన చేసింది. తన దోషాన్ని తానే పలికిన ఆ చట్టసభను కూడా న్యాయంగా గుర్తుంచుకోవాలి.

కర్జలీ ప్రాంతంలోని ప్తిచార్ గ్రామంలో 1967లో జన్మించిన నయీమ్ సులేమానోగ్లు గురించి క్రీడాభిమానులకు తెలిసే ఉంటుంది. బరువులెత్తే పోటీలలో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన ఈ పొట్టి వీరుని పేరును కూడా ‘నౌమ్ షలమానోవ్’ అని మార్చారు. 1986లో మెల్బోర్న్ పోటీలకు వెళ్లినప్పుడు ఆయన తప్పించుకుని తుర్కీ చేరాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో, 60 కిలోల విభాగంలో, తన శరీర బరువుకు మూడు రెట్లు మించిన 190 కిలోలను తలపైకెత్తి స్వర్ణం గెలిచాడు. ఆ రోజు ఫలకం మీద కనిపించినది తల్లిదండ్రులు పెట్టిన పేరు.

కాని ప్రతి ఒక్కరూ ఒలింపిక్ వీరులు కారు. కొన్నేళ్ల క్రితం హజ్ యాత్రలో, మదీనాలో, మస్జిదె నబవీ ప్రాంగణాన అసర్ తర్వాత నా పక్కన ఒక వృద్ధుడు కూర్చున్నారు. ఎనభైకి దగ్గరపడిన వయసు, గనిలో పనిచేసిన చేతులు. ఆయన వెంట ఉన్న మనుమడు మోమ్‌చిల్‌గ్రాద్‌లోని ఇస్లామీ పాఠశాలలో చదివి కొంత అరబీ నేర్చుకున్నాడు. అతని ద్వారా మా సంభాషణ సాగింది. తాము రొడోపీ వారమని, మదాన్ వద్ద సీసపు గనుల్లో తాతగారు ముప్పై ఏళ్లు పనిచేశారని అతను చెప్పాడు. నేను తాతగారి పేరు అడిగాను. మనుమడు నవ్వి, “ఏ సంవత్సరపు పేరు చెప్పమంటారు?” అన్నాడు.

పుట్టినప్పుడు ఒక పేరు, నాలుగేళ్ల వయసులో మరో పేరు, యుద్ధం ముగిశాక మళ్లీ మొదటి పేరు, 1972లో ఇంకో పేరు, 1990లో మళ్లీ మొదటిది. గనిలో హాజరు పలికేటప్పుడు కాగితం మీది పేరుకు జవాబు చెప్పేవారట. ఇంటికి వచ్చి తలుపు వేశాక తల్లి అసలు పేరుతో పిలిచేదట. “అమ్మ నాకు కొడుకులు పుట్టాక కూడా ప్రతి రాత్రి ఒక్కసారైనా నా పేరు పిలిచేది. పని ఏమీ ఉండేది కాదు. మరచిపోకూడదని పిలిచేది,” అని ఆ వృద్ధుడు చెప్పినట్లు మనుమడు అనువదించాడు. ఆమెకు అక్షరం రాదు. రొట్టెల పిండి కలుపుతూ ఫాతిహా, మరో మూడు చిన్న సూరాలు పిల్లలకు నేర్పింది. ఉచ్చారణ సరిగా ఉండేది కాదని మనుమడు కొంచెం మొహమాటంగా అన్నాడు. తజ్వీద్ చెప్పే వృత్తిలో ఉన్న నాకు ఆ క్షణాన ఆ ఉచ్చారణ ఒక్కసారి వినాలనిపించింది.

ఈ విషయం నన్ను నేటికీ ఆలోచింపజేస్తుంది. మనం ధర్మరక్షణ అనగానే సంస్థల గురించే మాట్లాడతాం. బల్గేరియాలో గొప్ప సంస్థలుండేవి. షుమెన్ నగరంలో 1922లో ప్రారంభమైన నువ్వాబ్ మదర్సా ఖాజీలను, ముఫ్తీలను తయారుచేసింది. కమ్యూనిస్టు పాలన వచ్చిన కొద్ది కాలానికే అది మూతపడింది. కర్జలీలో మదర్సా కోసమని గత శతాబ్దపు పూర్వార్ధంలో కట్టిన విశాలమైన భవనం నేడు మ్యూజియంగా ఉంది. సంస్థకు చిరునామా ఉంటుంది కాబట్టి దానిని మూసివేయడం సులభం. ఆ అక్షరం రాని తల్లి వంటింటిని మూసివేయడానికి ఏ శాసనమూ చాలలేదు. మదర్సా అవసరం లేదని నేననడం లేదు. నా జీవితమే మదర్సా. అయితే మదర్సా నిలబడేది ఇంటి పునాది మీదనే అని ఆ కొండలు చెబుతున్నాయి.

ఇక దక్షిణపు వాలు కథ వేరు. అది చెరిపివేత కాదు, కంచె. గ్రీసులో పేర్లు మార్చలేదు, మస్జిదులు తెరిచే ఉన్నాయి. కాని 1936 నుంచి పొమాక్ కొండ గ్రామాలు సైనిక నిఘా మండలంలో ఉన్నాయి. లోపలికి పోవాలన్నా, బయటికి రావాలన్నా అనుమతి పత్రం కావాలి. 1995లో గాని ఆ ఆంక్షలు తొలగలేదు. పౌరసత్వ చట్టంలోని 19వ అధికరణం కింద, గ్రీకు జాతీయులు కానివారు తిరిగి వచ్చే ఉద్దేశం లేకుండా దేశం విడిచారని అధికారులు భావిస్తే పౌరసత్వం రద్దయ్యేది. 1998లో రద్దయ్యే నాటికి ఆ అధికరణం వల్ల సుమారు 60 వేల మంది పౌరసత్వం కోల్పోయారు. ముఫ్తీ విషయంలోనూ వివాదమే. ప్రభుత్వం నియమించిన ముఫ్తీ ఒకరు, జనం ఎన్నుకున్న ముఫ్తీ మరొకరు.

ఆ ముఫ్తీ న్యాయాధికారానికి సంబంధించిన ఒక వ్యాజ్యాన్ని నేను ఫరాయిజ్ పాఠంలో విద్యార్థుల ముందుంచుతాను. కొమొతిని పట్టణానికి చెందిన ఒక ముస్లిం 2003లో నోటరీ ఎదుట వీలునామా రాసి ఆస్తి మొత్తం భార్యకు ఇచ్చాడు. 2008లో ఆయన మరణించాడు. వారికి సంతానం లేదు. ఆయన అక్కచెల్లెళ్లు ఆ వీలునామా చెల్లదని, ముస్లిం గనుక షరీఅత్ ప్రకారమే వారసత్వం జరగాలని దావా వేశారు. గ్రీసు సర్వోన్నత న్యాయస్థానం వారితో ఏకీభవించింది. వితంతువు ఆస్తిలో నాలుగింట మూడు వంతులు కోల్పోయే పరిస్థితి వచ్చింది. ఆమె స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2018 డిసెంబరులో ఆమె పట్ల వివక్ష జరిగిందని తీర్పు వచ్చింది. తీర్పుకు ముందే, అదే ఏడాది జనవరిలో, గ్రీసు చట్టం మార్చి షరీఅత్ ప్రకారం నడవడాన్ని ఐచ్ఛికం చేసింది.

పిల్లలు వెంటనే లెక్క వేస్తారు. సంతానం లేని భర్త ఆస్తిలో భార్య వాటా నాలుగో వంతు. వారసుల పేర వసియ్యత్ ఇతర వారసుల సమ్మతి లేకుండా చెల్లదు. లెక్క సరిగానే ఉంది. మరి తీర్పు మాటేమిటని అడుగుతారు. నేను చెప్పే సమాధానం ఇది: వాటాల లెక్క అల్లాహ్ ఆజ్ఞ అని నమ్మి, దానికి తలవంచడం విశ్వాసి స్వయంగా చేసే పని. పుట్టుక దస్త్రం చూసి, ఆ మనిషి కోరాడో లేదో అడగకుండా, ఒక ప్రభుత్వం పాత సంధి పేరుతో అతని మీద రుద్దేది విధేయత కాదు, వర్గీకరణ. దానిలో ధర్మానికి గౌరవం లేదు. అల్పసంఖ్యాకుల రక్షణ పేరుతో కట్టిన గోడ లోపలి మనిషికి చెరసాల కాకూడదు. ఐచ్ఛికమైన తర్వాత కూడా షరీఅత్‌ను ఎన్నుకునే కుటుంబాలున్నాయంటే, అసలైన గౌరవం ఆ ఎంపికలోనే ఉంది. నాతో ఏకీభవించని ఉలమా ఉన్నారు. ఈ ద్వారం తెరిస్తే మిగిలిన హక్కులూ ఒక్కొక్కటిగా జారిపోతాయన్నది వారి భయం. ముఫ్తీని సైతం ప్రభుత్వమే నియమించే చోట ఆ భయం నిరాధారమైనదని నేననలేను. కాని భయం ఒక వితంతువు ఇంటి కన్నా పెద్దది కారాదని నా అభిప్రాయం.

ఉత్తరాన పాలకులు “నీవు ముస్లింవు కావు” అన్నారు. దక్షిణాన పాలకులు “నీవు ముస్లింవి మాత్రమే” అన్నారు. రెండు చోట్లా మనిషిని అడగలేదు. నేటికీ ఒక దేశం వారిని ‘బల్గేరియన్ ముస్లింలు’ అంటుంది, మరొకరు ‘తుర్కులు’ అంటారు, వేరొకరు ‘స్లావు భాషీయులు’ అంటారు. వారిలోనూ కొందరు తుర్కులమని, కొందరు బల్గేరియన్లమని, కొందరు పొమాక్‌లమని చెప్పుకుంటారు. మారుపేర్లతో పిలవడాన్ని సూరా హుజురాత్ వారించింది. ఇతరులకు మనం పెట్టే పేరు కన్నా, వారు తమకు పెట్టుకున్న పేరుతో పిలవడమే మర్యాద అని ఆ ఆదేశంలో నేను అర్థం చేసుకుంటాను.

ఇప్పుడు ఆ సరిహద్దు మెత్తబడింది. 2010లో జ్లాతోగ్రాద్ నుంచి క్సాంతి వైపు దారి తెరుచుకుంది. 2013లో మకజా కనుమ మీదుగా కర్జలీ, కొమొతినిల మధ్య మార్గం ఏర్పడింది. 2025 జనవరి 1 నుంచి ఆ రెండు దేశాల నడుమ రోడ్డు తనిఖీలు కూడా తొలగిపోయాయి. తొమ్మిది దశాబ్దాలు ఎడబాసిన రెండు వాలుల వారు ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి కలుసుకోగలరు, అనువాదకుడు లేకుండా మాట్లాడుకోగలరు. అయితే గ్రామాలలో యువకులు తగ్గిపోతున్నారు. కొందరు భవన నిర్మాణ పనులకు పశ్చిమ ఐరోపాకు వెళ్లిపోతున్నారు. శాసనం చేయలేనిది వలస చేస్తుందేమో అని పెద్దలు దిగులు పడుతున్నారని ఆ మనుమడే చెప్పాడు. మన గల్ఫ్ కుటుంబాలకు ఆ దిగులు వివరించనక్కరలేదు.

పాఠక సోదర సోదరీమణులకు ఒక్క మనవి. ఆధార్ కార్డులో ‘షేక్’ అన్న ఇంటిపేరును నాలుగు విధాలుగా రాశారని మనం విసుక్కుంటాం. ఆ విసుగు సహజమే, సరిదిద్దించుకోవలసిందే. దానితో పాటు మరో పని కూడా చేయండి. పిల్లవాని పేరుకు అర్థమేమిటో, ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో వానికి చెప్పండి. ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ, తాతయ్య ఉంటే వారి తల్లిదండ్రుల పేర్లు, ఊరు, చేసిన పని అడిగి ఒక పుస్తకంలో రాయించండి. ఆ పని మన పిల్లలే తమ చేతులతో, తెలుగులో చేయవచ్చు. చరిత్ర గ్రంథాలు సుల్తానుల పేర్లు భద్రంగానే ఉంచుతాయి. మన తల్లుల పేర్లు భద్రపరచవలసినవారం మనమే.

రొడోపీ కొండలలోని ఆ ఇళ్లను, మన ఇళ్లను అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.